తిరిగి పంపవలెను

1984 వేసవిలో న్యూజెర్సీ మారిస్‌టౌన్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణానికి లావుపాటి పుస్తకం ఒకటి అమ్మకానికి వచ్చింది. తోలు అట్ట, వెన్ను పగిలి దారాలు బయటపడి ఉన్నాయి. దుకాణం యజమాని విట్‌లాక్ దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకొచ్చి మణి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీవైపు నుంచే వచ్చింది. మద్రాసులో అచ్చయింది. మాడిసన్‌లో ఉండే మిస్ థార్న్ తాతగారిది. ఆయన మిషనరీ. చూడు, మార్జిన్ల నిండా ఆయన రాసుకున్న నోట్సే! సెమినరీ లైబ్రరీ వాళ్లు శుక్రవారం చూడ్డానికి వస్తున్నారు. ఈలోపు నువ్వు వివరం రాసెయ్యి. 'మిషనరీ స్వహస్తంతో రాసిన నోట్సు' అన్న మాట మాత్రం తప్పకుండా పడాలి. వాళ్లు వచ్చేదే దానికోసం."

పుస్తకాలకు వివరం రాయడమే మణి ఉద్యోగం. ఎప్పుడు అచ్చయింది, ఏ స్థితిలో ఉంది, ఇన్నేళ్లూ ఎవరెవరి చేతుల్లో తిరిగింది అన్నవన్నీ ఆమె తేల్చి రాస్తే, అది చదివి ఎక్కడో ఉన్నవాళ్లు చూడకుండానే కొనేవారు. వాల్తేరులో లైబ్రరీ సైన్స్ చదివి, పెళ్లయ్యాక భర్త జోసఫ్‌తో పార్సిప్పనీ వచ్చిన మణికి ఈ పని చేతికి అంటుకుపోయింది. కాగితం వాసన చూసి కాలం చెప్పగలదని విట్‌లాక్ తన స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎక్కడెక్కడి లాటిన్ పుస్తకాలో, జర్మన్ పుస్తకాలో ఆ బల్ల మీదికి వచ్చాయి గాని, తెలుగు అక్షరం రావడం అదే మొదలు.

కోరమండల్ తీరపు మందుమొక్కల గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం అది. అచ్చు ఇంగ్లీషే అయినా దాని చుట్టూ ఎక్కడ చూసినా తెలుగు. నల్లసిరా గోధుమరంగుకు తిరిగింది. పొడవాటి తలకట్లతో, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలు. పాత దస్తూరీ కాబట్టి మొదట్లో మణి కూడబలుక్కుని చదివింది. నేలవేము జ్వరానికి ఎలా కాచాలో, నల్లేరు ఎప్పుడు కోయాలో, తిప్పతీగ ఎవరికి పడదో రాసి ఉంది. శొంఠి దగ్గరికి వచ్చేసరికి కొన్ని ఎక్కువ వాక్యాలున్నాయి.

"నా రెండవ కానుపున ఈ కాయము తింటిని. పాలు బాగుగా పడినవి."

మణి ఒకటికి రెండుసార్లు చదివి పకపకా నవ్వేసింది. అవతలి గదిలో లెటర్ టైపు చేసుకుంటున్న విట్‌లాక్ తల తిప్పి చూశాడు.

"ఏమైంది?"

"రెవరెండ్ థార్న్ గారికి ఎంతమంది పిల్లలు?"

"నలుగురో, ఐదుగురో. ఎందుకు?"

"వాళ్లలో ఎవరినైనా ఆయనే కన్నారా?"

విట్‌లాక్ లేచి వచ్చాడు. మణి ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పింది. కాయమంటే బాలింతకు పెట్టే మందని కూడా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు, అలా చేస్తే ఆ వాక్యం మారుతుందన్నట్టు.

"ఎవరో చెబితే ఆయన రాసుకుని ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. అది ఇప్పుడే తేలుతుంది."

మణి మొదటి ఖాళీ పేజీ తిప్పింది. పైన ఇంగ్లీషులో 'శామ్యూల్ థార్న్, మద్రాసు, 1869' అని ఉంది. దాని కింద తెలుగులో కొన్ని వరుసలు. అది మార్జిన్లలోని చేతిరాత కాదు. బడికి కొత్తగా వెళ్లే పిల్లవాడు దిద్దినట్టు ఒక్కొక్క అక్షరమూ గుండ్రంగా, విడివిడిగా, బిర్రబిగుసుకుని ఉంది. మిస్ థార్న్ ఇంట్లో అందరూ దాన్ని ప్రార్థన అనుకునేవారట.

"ప్రార్థన కాదు," అంది మణి. "వినండి. 'ఈ పుస్తకము రాహేలుకు ఇచ్చినాను. ఆమె నా కన్న దీనిని బాగుగా చదువుచున్నది. శా. థా., 1881.' ఇదీ రెవరెండ్ గారి తెలుగు. మార్జిన్లలో ఉన్నది రాహేలుది. ఈ రెండు చేతులూ ఒకటేనని ఎవరన్నా ఒప్పుకోను."

విట్‌లాక్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. మిషనరీ చేతిరాత కోసం వచ్చేవాళ్లు ఎవరో రాహేలు చేతిరాత చూసి ఏమంటారో ఆయనకు అంతుపట్టలేదు. మణికి మాత్రం పుస్తకం అంతకంతకూ బరువెక్కుతున్నట్టు అనిపించింది. వందేళ్ల కిందట ఒక తెలుగు స్త్రీ ఇంగ్లీషు పుస్తకం చదివి, అర్థం చేసుకుని, అచ్చయినదాంతో విభేదించి పక్కన తన మాట రాసుకుంది. ఆ సంతోషంతోనే ఆమె చివరి పేజీ తిప్పింది. అక్కడ మూడో చేయి కనబడింది.

'మా అమ్మ పుస్తకము. డాక్టరమ్మగారు చూచుకొనుటకు తీసుకొని వెళ్లుచున్నారు. తిరిగి పంపవలెను. పి. యోహాను, కందుకూరు, 1923.'

ఈసారి మణి నవ్వలేదు. విట్‌లాక్ అడిగిన మీదట నెమ్మదిగా చెప్పింది.

"డాక్టరమ్మ అంటే ఎవరు?" అన్నాడాయన, జవాబు తనకు తెలిసినా. రెవరెండ్ కూతురు ఎడిత్ థార్న్ అక్కడే డాక్టరుగా పనిచేసి, జబ్బుపడి 1923లో అమెరికా వచ్చేసింది. ఆమె పోయాక సామానంతా మేనకోడలైన మిస్ థార్న్‌కు వచ్చింది.

"మణీ, అరవై ఏళ్లయింది. ఇప్పుడు చట్టం ఎవరినీ ఏమీ అడగదు."

"చట్టం సంగతి నాకు తెలియదు. పుస్తకం ఎవరెవరి చేతుల్లో ఉందో రాయడం నా పని. ఈ వాక్యం వదిలేస్తే నేను రాసింది అబద్ధమవుతుంది. రాస్తే సెమినరీ వాళ్లు కొనరు. కాబట్టి ముందు మిస్ థార్న్‌కి చెప్పాలి."

"చెబితే ఆవిడ పుస్తకం పట్టుకుపోతుంది. మనకు మిగిలిన సామాను కూడా ఇవ్వదు."

"పోనివ్వండి."

విట్‌లాక్ చెడ్డవాడు కాదు. "సరే, నువ్వే చెప్పు. నేను కార్లో కూర్చుంటాను," అన్నాడు.

సాయంత్రం అన్నం తింటూ మణి జోసఫ్‌కి ఈ కథంతా చెప్పింది. జోసఫ్ ఇంజనీరు, ఏ విషయమైనా రెండోసారి చెక్ చేసుకునే మనిషి.

"ఆర్ యు ష్యూర్? ఆ వైట్ లేడీ ఇంటికెళ్లి, మీ ఆంటీ పుస్తకం తీసుకుని ఇవ్వలేదని చెప్పటమంటే చిన్న విషయం కాదు."

"మీరు రాసుంటే 'తింటిని, పాలు పడినవి' అని రాస్తారా?"

"నేనైతే రాయను."

"మరింక డౌటేంటండీ? ఆ యోహాను గారి వాక్యంలో కూడా డౌట్ లేదు. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. చదివేవాళ్లు లేకపోయారు, అంతే."

జోసఫ్ పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. "అయితే వెళ్లి చెప్పెయ్. జాబ్ పోతే ఇంకోటి ట్రై చేద్దాం."

మిస్ థార్న్ ఎత్తయిన మనిషి, వయసు డెబ్బై అయిదు దాటినా వంగలేదు. మణికి టీ ఇచ్చి, తన టీ చల్లారిపోయేదాకా వింది. రాహేలు సంగతి చెబుతున్నంతసేపూ ముఖంలో ఏ మార్పూ లేదు. తాతగారి తెలుగు అక్షరాలకు అర్థం విన్నప్పుడు మాత్రం పెదవి కొంచెం కదిలింది. చివరి పేజీలో వాక్యం విన్నాక కప్పు టకీమని బల్ల మీద పెట్టింది.

"మా ఎడిత్ అత్తయ్య దొంగ అంటున్నావా?"

"లేదు. అరువు తీసుకున్నారు అంటున్నాను. పుస్తకం ఇచ్చినాయన నమ్మకంగా ఇచ్చారు కాబట్టే రాసి ఇచ్చారు. ఆవిడ ఎందుకు పంపలేదో నాకు తెలియదు. తెలియనిది నేను రాయను. తెలిసింది దాచను."

ముసలావిడ కిటికీ వైపు తిరిగింది. విట్‌లాక్ కారు పక్కన నిలబడి ఎండలో చెమట తుడుచుకుంటున్నాడు.

"ఆఖరి రోజుల్లో," అంది చివరికి, "అత్తయ్య మంచం మీద నుంచి ఒకటే గొడవ. 'పుస్తకం తిరిగి పంపండి, పుస్తకం తిరిగి పంపండి' అని. నేనే చూసుకునేదాన్ని. మంచం పక్కన టౌన్ లైబ్రరీ నవల ఒకటుంది. గడువు దాటిపోయింది. దానికే కంగారు పడుతోందనుకుని నేనే పట్టుకెళ్లి ఇచ్చొచ్చాను. వచ్చి 'పంపేశాను అత్తయ్యా' అని చెప్పాను. 'థాంక్ గాడ్' అంది. మరి రెండు రోజులకే పోయింది."

మిస్ థార్న్ చేతిరుమాలు తీసుకోలేదు. కన్నీళ్లను చెంపల మీదే ఆరనిచ్చింది.

"వాళ్లవాళ్లెవరైనా ఉన్నారేమో వెతుకు. ఉంటే నా చేత్తో ఇస్తాను. ఎవరూ లేరని నువ్వు తేలిస్తే అప్పుడు సెమినరీకి ఇద్దాం."

విట్‌లాక్ ఆ మధ్యాహ్నమే సెమినరీకి ఫోన్ చేసి శుక్రవారం రావద్దని చెప్పాడు. చెప్పి, మణి వైపు చూసి, "నీ వల్ల నాకు ముసలితనం ముందే వస్తోంది," అన్నాడు. కాని ఆమె ఫోన్ బిల్లు తానే కడతానన్నాడు.

అప్పట్లో ఎడిసన్ దగ్గర తెలుగు క్రైస్తవులు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేవారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్లలో వచ్చేవారు. ఆరాధన అయ్యాక కాఫీ తాగేచోట మణి పది మందినీ నిలబెట్టి, కందుకూరు పి. యోహాను గారి కుటుంబం ఎవరికైనా తెలుసా అని అడిగింది. శాంతి అనే నర్సు కప్పు పట్టుకుని ముందుకొచ్చింది.

"మా నర్సింగ్ స్కూల్ మేట్రన్ గారి ఫాదర్ నేమ్ యోహాను. వాళ్లది కందుకూరే. దీనమ్మ గారని, అబ్బో, ఆవిడ నడిచొస్తుంటే డాక్టర్లు కూడా సిగరెట్లు ఆర్పేసేవాళ్లు. రిటైరయ్యాక కొడుకు దేవకుమార్ దగ్గరికి, టెక్సస్ వచ్చేశారు. ఇర్వింగ్‌లో ఉంటారు. క్రిస్మస్‌కి కార్డు పంపిస్తే స్పెల్లింగ్ మిస్టేక్స్ దిద్ది తిరిగి పంపించారు."

మర్నాడు మణి దుకాణం నుంచే ఫోన్ చేసింది. పుస్తకం ఎదురుగా మూసి పెట్టుకుంది. ముందుగా ఏ సంగతీ చెప్పకూడదని, అవతలివాళ్లు ఏమంటారో విని అప్పుడు సరిచూసుకోవాలని ఆమె నిశ్చయం.

ఫోన్ ఎత్తింది ఖంగుమనే గొంతు. "ఎవరమ్మాయ్ నువ్వు? ఎవరి తాలూకు?"

మణి తన పేరు, ఊరు, తండ్రి పేరు చెప్పుకుంది. "మీ నాయనమ్మగారికి సంబంధించి ఒక విషయం అడగాలని చేశానండీ. ఆవిడ పేరు రాహేలు గారేనా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"పుస్తకం దొరికిందా?" అంది దీనమ్మ.

మణి చెయ్యి పుస్తకం మీదికి వెళ్లింది. అయినా ఆమె పట్టు విడవలేదు. "ఏ పుస్తకమో మీరు చెబుతారా, అమ్మగారూ?"

"పరీక్ష పెడుతున్నావా? మంచిదే, పెట్టు. మా జేజి మందుల పుస్తకం. డాక్టరమ్మ పట్టుకెళ్లింది. నాకప్పుడు ఏడేళ్లు. మా నాయన చనిపోయేదాకా టపా బంట్రోతు వస్తే చాలు, వరండాలోకి వచ్చి నిలబడేవాడు. అందులో వస గురించి ఉండే చోట చూడు. ఆముదం ఒలికి ఉంటుంది. ఒలికించింది నేనే. మా నాయన కొట్టబోతే డాక్టరమ్మే అడ్డం వచ్చింది."

మణి ఒక చేత్తో రిసీవరు పట్టుకుని రెండో చేత్తో పేజీలు తిప్పింది. వస దగ్గర కాగితం అరచేతి మేర నూనె పీల్చుకుని పారదర్శకంగా మారింది. అవతలి పేజీ అక్షరాలు దానిలోంచి కనబడుతున్నాయి.

"ఉందండీ," అంది.

"ఉండక ఎక్కడికి పోతుంది? ఆదివారం వస్తాను. దేవకుమార్‌కి చెప్పి టికెట్ బుక్ చేయిస్తాను. నువ్వు ఎయిర్‌పోర్టుకి రా."

నూవార్క్ విమానాశ్రయంలో దిగిన దీనమ్మ పొట్టి మనిషి, తెల్లని నేత చీర, నల్లని బూట్లు. ఆమెది కాలమంతా ఆస్పత్రి వార్డుల్లో నడిచిన నడక, మణి పక్కన పరుగెత్తాల్సి వచ్చింది. మాడిసన్ చేరేసరికి మిస్ థార్న్ గుమ్మంలోనే నిలబడి ఉంది. విట్‌లాక్ కూడా ఈసారి కార్లో కూర్చోకుండా లోపలికి వచ్చాడు.

ఇద్దరు ముసలావిడలూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. మిస్ థార్న్ ముందే సిద్ధం చేసుకున్న మాటలేవో మొదలుపెట్టింది గాని, 'మా కుటుంబం తరఫున' దగ్గరే ఆగిపోయింది.

"ఎడిత్ డాక్టరమ్మ ఎలా పోయింది?" అని అడిగింది దీనమ్మ, మంచి ఇంగ్లీషులో. "బాధపడిందా? నన్ను ఈ లోకంలోకి తీసింది ఆవిడే. నాకు తెలియాలి."

అప్పుడు మిస్ థార్న్ ఆ లైబ్రరీ నవల సంగతి చెప్పింది. దాచకుండా, తానే చెప్పింది. దీనమ్మ వింటూ వింటూ ఉన్నట్టుండి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ముందుకు వంగి మిస్ థార్న్ చెయ్యి పట్టుకుంది.

"అయితే పంపించేశాననే ధైర్యంతోనే పోయిందన్నమాట. మంచి పని చేశావు. మా నాయన వింటే ఆయనా ఇదే అనేవాడు. ఆయన కోపమంతా పుస్తకం పోయిందని కాదు. మాట నిలబెట్టుకోలేదేమోనని."

మిస్ థార్న్ పుస్తకాన్ని రెండు చేతులతో అందించింది. దీనమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, వస పేజీ తెరిచింది. ఆముదం మరకను వేలితో తడిమింది. పక్కన జేజి రాసింది పెదవులు కదుపుతూ చదువుకుంది. చదువుతుంటే ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి.

"పసిబిడ్డకి ఇంతా? తప్పు. ఇంత పోస్తే ప్రమాదం. ఎవరైనా పెన్ను ఇవ్వండి."

విట్‌లాక్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పెన్ను వద్దు మేడమ్! పాత పుస్తకం! కనీసం పెన్సిల్‌తో…"

"ఇది నా పుస్తకమేనా, కాదా?"

"ఆవిడదే," అంది మిస్ థార్న్, తన పెన్ను తీసి ఇస్తూ.

దీనమ్మ నూనె అంటని చోటు చూసి, జేజి వాక్యం కిందనే, స్థిరమైన చేతితో రాసింది. 'వస ఇంత పోయరాదు. పసిబిడ్డకు ప్రమాదము. రాహేలు మనుమరాలు దీనమ్మ, 1984.' సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసింది.

మణికి ఆ క్షణంలో తన చదువు, తన వృత్తి అంతా గుర్తొచ్చి విట్‌లాక్‌లాగే ఆపి ఉండాల్సిందనిపించింది. మరుక్షణమే ఒక విషయం తట్టి మనసు తేలికపడింది. రాహేలు కూడా ఇదే పని చేసింది. తన సొంత పుస్తకంలో తప్పు కనబడితే పక్కన రాసింది. నాలుగో చేయి ఆ పుస్తకానికి కొత్త కాదు.

ఆ సాయంత్రం ఆమె వివరం రాయడానికి కూర్చుంది. మద్రాసులో అచ్చు దగ్గర మొదలుపెట్టి, థార్న్, రాహేలు, యోహాను, ఎడిత్, మిస్ థార్న్, దీనమ్మల దాకా పుస్తకం నడిచొచ్చిన దారంతా రాసింది. ఎవరికి ఎవరు ఇచ్చారో, ఎవరు ఎవరి దగ్గర అరువు తీసుకున్నారో ఉన్నదున్నట్టు పెట్టింది. విట్‌లాక్ చదివి, కాసేపు గడ్డం నిమురుకుని, శరదృతువు కేటలాగ్ మొదటి పేజీలోనే అచ్చు వేయించాడు. 'అమ్మకానికి కాదు' అని పైన పెట్టి, అడుగున మణి పేరు వేశాడు. అంతకుముందు ఏ కేటలాగ్‌లోనూ రాసినవాళ్ల పేరు లేదు.

ఆ పేజీ చదివిన సెమినరీ లైబ్రరీ వాళ్లు పుస్తకాన్ని కొన్నాళ్లు ప్రదర్శనకు పెడతామని ఇర్వింగ్‌కి ఉత్తరం రాశారు. దీనమ్మ ఒప్పుకుంది. ఏ తేదీన తిరిగి రావాలో ఇంగ్లీషులో, తెలుగులో కూడా రాసి, లైబ్రేరియన్ చేత రెండిటికిందా సంతకం పెట్టించుకున్నాకే పంపింది. చెప్పిన తేదీకి ఒక రోజు ముందే అది వెనక్కి వచ్చింది. మిస్ థార్న్ మిగిలిన పుస్తకాలన్నీ విట్‌లాక్‌కే ఇచ్చింది. ఆ రెండు ఇళ్ల మధ్యా ఉత్తరాలు కూడా మొదలయ్యాయి.

ఇవన్నీ జరగకముందు, కేటలాగ్ ఇర్వింగ్ చేరిన రోజున దీనమ్మ దుకాణానికి ఫోన్ చేసింది.

"మణీ, బాగా రాశావు. ఒక తప్పుంది."

"ఏదండీ?" మణి అప్పటికే పెన్సిల్ చేతిలోకి తీసుకుంది.

"రాహేలు, మిషన్ డిస్పెన్సరీ కాంపౌండరు భార్య అన్నావు. నీకెవరు చెప్పారు?"

"మిస్ థార్న్ ఇంట్లో పాత ఫొటో వెనక అలాగే రాసుందండీ."

"రాసినవాళ్లకి తెలియదు. మా తాత పొలం చేసుకునేవాడు. కాంపౌండరు మా జేజే."

మణి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అప్పటికే కేటలాగ్‌లు సగం పోస్టులో వెళ్లిపోయాయని విట్‌లాక్ గోల పెట్టినా వినలేదు. సవరణ చీటీలు అచ్చు వేయించి, మిగిలినవాటిలో తానే జిగురుతో అతికించింది. అప్పటికే కేటలాగ్ అందిన ప్రతివారికీ ఒక్కొక్క చీటీ కవర్లో పెట్టి పంపించింది.